కన్వర్టర్ మార్చే ముందు సబ్బు నీళ్లు
పాత పెట్రోల్ కారులో చెక్ ఇంజిన్ లైటు ఎన్నిసార్లు తీసేసినా మళ్లీ వెలిగి, స్కానర్‌లో పి0420 కోడే (కన్వర్టర్ సరిగా పనిచేయట్లేదనే సూచన) వస్తోందా? చాలామంది వెంటనే క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువుల్ని తగ్గించే భాగం) మార్చేయమంటారు. అదేమో బోలెడు ఖర్చు. ముందు ఎగ్జాస్ట్ (పొగ గొట్టం) లీకు చూడండి, లీకులోంచి గాలి దూరి సెన్సర్ తప్పు చూపినా ఇదే కోడ్ రావచ్చు.

లీటరు నీళ్లలో రెండు చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి స్ప్రే సీసాలో పోయండి. పొద్దున్నే, పైపు పూర్తిగా చల్లగా ఉండగా, ఆరుబయట బండి స్టార్ట్ చేసి మ్యానిఫోల్డ్ (ఇంజిన్‌కు బిగించిన పొగ గొట్టం మొదలు) నుంచి కన్వర్టర్ తర్వాత ఉండే వెనక ఆక్సిజన్ సెన్సర్ దాకా చెయ్యి అందే ప్రతి జాయింటు మీదా కొట్టండి. ఇంకొకరు తడిగుడ్డతో వెనక పైపును కాసేపు సగం మూస్తే లీకు ఉన్నచోట బుడగలు స్పష్టంగా కనిపిస్తాయి. అక్కడ గ్యాస్కెట్ (జాయింటు మధ్య సీలు) మార్పించి, కోడ్ తీసేసి, కొన్నాళ్లు నడిపి చూడండి.

పైపు వేడెక్కితే ఇది పనిచేయదు, నీళ్లు ఆవిరైపోతాయి, చేతులూ కాలతాయి. వేడికి మాత్రమే విచ్చుకునే పగుళ్లు కూడా దీనికి దొరకవు.