లోక్‌సభ లెక్కలు – 4వ పాఠం: ఓటింగ్ రోజు చూడాల్సింది 272 కాదు

పోయిన పాఠంలో 543 సీట్లలో సగం దాటాలంటే 272 కావాలని చెప్పుకున్నాం. అది చదవగానే సత్యనారాయణపురంలో ఇంటర్ చదివే మా మేనకోడలు అడిగింది: "మామయ్యా, మరి 1991లో మెజారిటీ లేకుండా పీవీ గారు ప్రభుత్వం ఎలా నడిపారు?" చాలా మంచి ప్రశ్న. ఇవాళ్టి పాఠం దాని మీదే.

బలపరీక్ష రోజున 272 సంగతి మర్చిపోండి. రాజ్యాంగం చూసేది సభకు వచ్చి ఓటేసినవాళ్లలో ఎక్కువమంది ఎటున్నారనే. రానివాళ్లు, వాకౌట్ చేసినవాళ్లు, సీట్లో కూర్చుని కూడా ఓటెయ్యనివాళ్లు లెక్కలోకి రారు. స్పీకర్ మామూలుగా ఓటెయ్యరు. రెండు వైపులా సమానంగా వస్తేనే వేస్తారు.

ఒక తెల్లకాగితం మీద మూడు గడులు గీయండి: ప్రభుత్వం వైపు, ఎదుటి వైపు, ఓటెయ్యనివాళ్లు. ఒక్కో పార్టీని ఒక్కో గడిలో వెయ్యండి. ఎంపీలను విడివిడిగా వెయ్యక్కర్లేదు. పార్టీ విప్‌ను, అంటే ఎటు ఓటెయ్యాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని, కాదంటే 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం కింద సభ్యత్వం పోవచ్చు, అందుకని ఎక్కువగా పార్టీ అంతా ఒకే వైపు ఉంటుంది. స్పీకర్‌ని మూడో గడిలో వెయ్యడం మాత్రం మరవకండి.

ఇప్పుడు 2024 లెక్క వేద్దాం. మే 13న మన విజయవాడలో రెండు మిషన్ల మీద ఓటేశాం, ఒకటి అసెంబ్లీకి, ఒకటి పార్లమెంటుకి. ఊళ్లో మాటలన్నీ అసెంబ్లీ గురించే గానీ, ఆ రెండో మిషన్ ఢిల్లీకి ప్రాణమైంది. ఎన్డీయేకు 293 వచ్చాయి. అందులో బీజేపీవి 240, టీడీపీవి 16, జేడీయూవి 12. మిగతావాళ్లంతా కలిపి 250. స్పీకర్ బీజేపీ ఎంపీయే, ఆయన్ని తీసేస్తే ప్రభుత్వం వైపు 292.

టీడీపీ, జేడీయూ రెండూ అలిగాయనుకోండి. మొత్తం 28 మంది. వాళ్లు ఓటెయ్యకుండా బయటికి వెళ్లిపోతే 264కి 250. అది 272 కన్నా తక్కువే, అయినా ప్రభుత్వం నిలబడుతుంది! అదే 28 మంది ఎదురు ఓటేస్తే 264కి 278. పడిపోతుంది. ఒక ఎంపీ బయటికి వెళ్తే తేడా ఒకటి తగ్గుతుంది, అటు మారితే రెండు తగ్గుతుంది. ఈ పాఠంలో గుర్తుంచుకోవాల్సింది ఇదే.

1999 ఏప్రిల్ 17 నాకు ఇంకా కళ్లముందే ఉంది. బీసెంట్ రోడ్డులో ఒక టీవీల షాపు ముందు ఎండలో నిలబడి చూశాం. వాజ్‌పేయి ప్రభుత్వానికి అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270. అంకెలు విన్నాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎదురు ఓటేసినవాళ్లలో గిరిధర్ గమాంగ్ ఒకరు. అప్పటికే ఒరిస్సా ముఖ్యమంత్రి అయినా, కోరాపుట్ ఎంపీ పదవికి రాజీనామా చెయ్యలేదు. ఓటెయ్యాలా వద్దా అన్నది స్పీకర్ ఆయన మనస్సాక్షికే వదిలేశారు. ఆ స్పీకర్ మన అమలాపురం ఎంపీ జీఎంసీ బాలయోగి గారు, ప్రభుత్వానికి బయటి నుంచి మద్దతిస్తున్న టీడీపీ మనిషి. గమాంగ్ ఆ రోజు రాకపోయి ఉంటే 269కి 269. అప్పుడు చివరి ఓటు బాలయోగి గారిదే అయ్యేది. ఆ ఒక్క ఓటుతో దేశమంతా మళ్లీ ఎన్నికలకు వెళ్లింది.

ఇక మీ వంతు. 1993 జూలై 28న పీవీ ప్రభుత్వం మీద పెట్టిన అవిశ్వాస తీర్మానానికి అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265 వచ్చాయి. పీవీ వైపు నుంచి కనీసం ఎంతమంది అటు మారి ఉంటే, స్పీకర్ ఓటుతో పని లేకుండానే ప్రభుత్వం పడిపోయేది? మారకుండా, ఊరికే రాకుండా ఉంటే ఎంతమంది కావాలి? ఒక్కటి జాగ్రత్త: అవిశ్వాసంలో ప్రభుత్వం వైపు వాళ్లు వేసేది 'కాదు' ఓటు. గడులు నింపేటప్పుడు చాలామంది అక్కడే తికమక పడతారు.