డైపర్ మానిపించడం: ఆటిజం ఉన్న మావాడికి ఎలగ అలవాటైందంటే

మావాడికి మూడేళ్లప్పుడు ఒకసారి మొదలుపెట్టి చేతులెత్తీసాం. మా అత్తగారు "మా పిల్లలందరికీ ఏడాదిన్నరకే వచ్చీసింది, డైపర్లేసి నువ్వే పాడుచేస్తున్నావు" అంటుంటే నాకూ పంతమొచ్చి గంటకోసారి ఎత్తుకెళ్లి కూర్చోబెట్టేదాన్ని, వాడు ఏడుపు, వాణ్ని చూసి నేను ఏడుపు, పది రోజులకి అయిపోయింది మా ట్రైనింగ్. మళ్లీ నాలుగు నిండాక మొదలెట్టాం, ఈసారి వచ్చింది. వాడేదో మారిపోయాడని కాదు, ఈసారి కూర్చోబెట్టే ముందు వాడికి ఏటి అడ్డొస్తోందో వెతికాం.

వయసు లెక్కేసుకోకండి. డైపర్ కనీసం గంటన్నర పొడిగా ఉంటోందా, వెళ్లే ముందు ఆట ఆపీడమో, మూలకెళ్లి దాక్కోడమో, మొహం ఎర్రగా అవ్వడమో ఏదైనా కనిపిస్తోందా చూడండి. మాటలు రావక్కర్లేదు. మాటలొచ్చేదాకా ఆగుదాం అని చాలామంది ఏళ్లకేళ్లు ఆగిపోతారు, అది అనవసరం.

అన్నిటికంటే ముందు కడుపు సంగతి. ఆటిజం ఉన్న పిల్లల్లో మలబద్ధకం చాలా ఎక్కువ, వీళ్లు తినేదే నాలుగు రకాలు కదా. ఒకసారి గట్టిగా వచ్చి నొప్పెట్టిందంటే ఇంక బిగబట్టీడం మొదలెడతారు, బిగబట్టేకొద్దీ ఇంకా గట్టిపడుతుంది. మావాడికి రోజుకి నాలుగైదుసార్లు నిక్కర్లో పల్చగా మరకలు పడుతుంటే విరేచనాలనుకుని పెరుగన్నం పెట్టీవాళ్లం. పిల్లల డాక్టరు పొట్ట నొక్కి చూసి, లోపల గట్టిగా పేరుకుపోయి దాని పక్కనుంచి పల్చటిది జారుతోంది అన్నారు. అంటే వాడికి తెలీకుండానే వచ్చీస్తోంది, మేమేమో కావాలని చేస్తున్నాడని తిట్టీవాళ్లం! సిరప్ రాశారు, కొన్ని వారాలు వాడాం (బాగుంది కదాని మనంతట మనం మధ్యలో మానీకూడదు). పాలు నాలుగు గ్లాసుల నుంచి రెండుకి తగ్గించాం, ఆకుకూర ఎలాగూ ముట్టడు కాబట్టి పొద్దున్న చోడంబలి (రాగి అంబలి), సాయంత్రం బొప్పాయి ముక్కలు, నీళ్లు ఎక్కువ. కడుపు సాఫీ అయ్యేదాకా ట్రైనింగ్ జోలికే వెళ్లకండి, వెళ్లినా లాభం లేదు.

తర్వాత బాత్రూం. మాది విజయనగరంలో పాత ఇల్లు, బాత్రూం పెరట్లో ఉంటాది, రేకు తలుపు. మావాడు ఆ గుమ్మం దగ్గరికి రాగానే చెవులు మూసుకునేవాడు, మేం మొండితనం అనుకున్నాం. ఒకరోజు నేను లోపల వాడి ఎత్తుకి కిందకి కూర్చుని, మా ఆయన్ని తలుపు వేసి తియ్యమన్నాను. రేకు కిర్రుమని గోడలకి కొట్టి తిరిగొచ్చింది, నాకే పళ్లు జివ్వుమన్నాయి. కొళాయి నీళ్లు ప్లాస్టిక్ బక్కెట్లో పడే మోత ఇంకోటి. కింద ఎప్పుడూ తడి, వాడు ఆ తడి మీద మునివేళ్లతో నిలబడేవాడు. పైగా పెద్దవాళ్ల కోసం కట్టిన దొడ్డి, ఆ కన్నంలోకి పడిపోతానని భయం. అప్పుడు తలుపు కీళ్లకి నూనె రాసి అంచుకి పాత సైకిల్ ట్యూబు ముక్క అంటించాం, వాడు వెళ్లే ముందు నేల తుడిచి రబ్బరు మేట్ వేసేవాళ్లం, బక్కెట్ ముందే నింపీసి కొళాయి కట్టీవాళ్లం. కూర్చోడానికి పాదాలు నేలకి ఆనే చిన్న పాటీ కుర్చీ తెచ్చాం. మీ ఇంట్లో కమోడ్ ఉంటే కాళ్ల కింద పీట వెయ్యండి, కాళ్లు గాల్లో వేలాడుతుంటే పెద్దవాళ్లకే రాదు. కరెంటు పోయినప్పుడు చీకటికి భయపడకుండా ఒక చార్జింగ్ లైటు కూడా. చలికాలంలో కడగడానికి గోరువెచ్చని నీళ్లు. మీ పిల్లాడికి ఇవేవీ కాకపోవచ్చు, ఫినాయిల్ వాసనో ఫ్లష్ చప్పుడో అవ్వొచ్చు, అందుకే వాడి ఎత్తుకి కూర్చుని చూడమంటున్నాను.

ఒక వారం నోట్‌బుక్‌లో రాయండి. ఎప్పుడు తాగాడు, ఎప్పుడు తిన్నాడు, ఎప్పుడు తడిపాడు, అంతే. మావాడు లేచిన వెంటనే ఒకసారి, తర్వాత దాదాపు గంటన్నరకోసారి పోస్తున్నాడని తేలింది, కాబట్టి ఆ టైముకి పది నిమిషాలు ముందు తీసుకెళ్లడం మొదలెట్టాం. రెండోదానికైతే తిన్న పావుగంట నుంచి అరగంట లోపు మంచి టైము, కడుపులో తిండి పడగానే కింద పేగులు కదులుతాయి.

మాట విషయంలో ఇల్లంతా ఒకటే అనాలి. మా ఇంట్లో నేను సుసు, మా ఆయన బాత్రూం, అత్తగారు ఒంటేలు, ఆడపడుచు పాస్, వాడికి ఇవన్నీ ఒకటేనని ఎలా తెలుస్తుంది పాపం. ఇంకోటి, "వెళ్తావా?" అని అడగొద్దు. మావాడు మన మాటే తిరిగి అనే పిల్లాడు. కొన్నాళ్లకి అర్జెంటు వచ్చినప్పుడల్లా నా చెయ్యి పట్టుకుని "వెళ్తావా, వెళ్తావా" అనేవాడు, నాకు అర్థమయ్యేసరికి నిక్కరు తడిసిపోయేది. అందుకే వాడు అనాల్సిన మాటే మేం అనడం మొదలెట్టాం, గుమ్మం దగ్గర ఆగి "బాత్రూంకెళ్తాను" అని. మాటలు లేని పిల్లలకి బాత్రూం ఫొటో చేతికిచ్చి, అది మనకి తెచ్చిస్తే వెంటనే తీసుకెళ్లండి, ఎంత పనిలో ఉన్నా సరే.

ఫొటోలంటే నెట్‌లో బొమ్మలు కాదు, మీ బాత్రూం, మీ మగ్గు, వాడి నిక్కరే ఫోన్లో తీయండి. తలుపు, నిక్కరు దించడం, కూర్చోడం, కడుక్కోడం, చేతులు తోముకోడం, ఇలా అయిదు తీసి స్టూడియోలో ప్రింటేయించి లామినేషన్ చేయించి గోడకి వరసగా అంటించాం. నిక్కర్లు కూడా ఎలాస్టిక్‌వే, గుండీలు జిప్పులు వద్దు.

కూర్చోడం మొదట పది లెక్కపెట్టేదాకా చాలు, వచ్చినా రాకపోయినా లేపీండి. మెల్లగా అయిదు నిమిషాలకి పెంచండి, అంతకు మించి వద్దు. ఫోనిచ్చి అరగంట కూర్చోబెడితే వాడికి అది ఫోను చూసే చోటు అయిపోతుంది. మగపిల్లలకైనా ముందు రెండూ కూర్చునే నేర్పండి.

మాకు అసలు కష్టం రెంటికి దగ్గర వచ్చింది. డైపర్ కట్టుకుని బీరువా పక్కన కర్టెన్ వెనక నిలబడితే తప్ప వెళ్లేవాడు కాదు, డైపర్ లేకపోతే రెండు రోజులు బిగబట్టీవాడు. కాబట్టి డైపర్ తీయలేదు, చోటు మార్చాం. కట్టుకునే ఉండి బాత్రూం గుమ్మం దగ్గర, నాలుగు రోజులకి లోపల నిలబడి, తర్వాత డైపర్‌తోనే కుర్చీ మీద కూర్చుని. అప్పుడు కత్తెరతో డైపర్ అడుగున రూపాయి బిళ్లంత కన్నం చేశాను. వాడు చూసుకున్నాడు, ఏమనలేదు. మూడు నాలుగు రోజులకోసారి ఆ కన్నం కొంచెం పెద్దది చేస్తూ పోయాను, చివరికి నడుముకి పట్టీ మాత్రం మిగిలింది, ఒక పొద్దున్న పట్టీ కూడా అడగకుండా వెళ్లి కూర్చున్నాడు. నెలన్నర పట్టింది. మా అత్తగారు ఆ కన్నాల డైపర్లు చూసి నవ్విన నవ్వు ఇప్పటికీ గుర్తే.

బహుమతి వెంటనే ఇవ్వాలి, లేచి వచ్చాక కాదు, పడిన క్షణమే. మావాడికి పలాస జీడిపప్పు ప్రాణం, ఒక బద్ద. కానీ అది ఇంకెప్పుడూ దొరక్కూడదు. మా అత్తగారు మనసాగక మధ్యాహ్నం గుప్పెడు పెట్టీసేవారు, ఇంక బాత్రూం బద్దకి విలువేముంది? డబ్బా అటక మీద పెట్టాక గానీ పని జరగలేదు.

నిక్కర్లో అయిపోతే తిట్టొద్దు, బుజ్జగించొద్దు కూడా. మన అరుపు కూడా కొందరు పిల్లలకి సరదానే. "నిక్కరు తడిసింది, మార్చుకుందాం" అని వాడిచేతే బక్కెట్లో వేయించండి.

మధ్యలో వెనక్కి వెళ్తారు. దసరా తర్వాత మంగళవారం మా ఊళ్లో పైడితల్లమ్మ సిరిమాను జాతర, ఇంటినిండా చుట్టాలు, వీధంతా మైకులు, బాత్రూం దగ్గర క్యూ, మావాడు మళ్లీ కర్టెన్ వెనక్కి పోయాడు. కంగారుపడకుండా రెండు మెట్లు కిందకి దిగి మళ్లీ మొదలెడితే పది రోజుల్లో దారికొచ్చాడు. సంక్రాంతికి ఊరెళ్తే పాటీ కుర్చీ, మేటు, ఫొటోలు సంచిలో పెట్టుకెళ్తాం. అంగన్‌వాడీ టీచరుకీ ఆయాకీ మా మాట, మా టైములు కాగితం మీద రాసిచ్చాం.

ఉచ్చ పోసేటప్పుడు ఏడిస్తే, జ్వరముంటే, రక్తం కనిపిస్తే, బాగా వచ్చినవాడు ఏ కారణం లేకుండా మళ్లీ తడుపుతుంటే ముందు డాక్టరు. కూర్చోడం, చప్పుళ్ల ఇబ్బందులకి ఆక్యుపేషనల్ థెరపిస్ట్ సాయం చేస్తారు. పిల్లల ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన ఆర్‌బీఎస్‌కే పథకం కింద నడిచే డీఈఐసీల్లో (ఎదుగుదల ఇబ్బందులున్న పిల్లల్ని చూసే జిల్లా కేంద్రాలు) డబ్బులు తీసుకోరు, జిల్లా ప్రభుత్వాసుపత్రిలో అడగండి.

రాత్రి సంగతి ఇప్పుడే పెట్టుకోవద్దు. అయిదేళ్లదాకా మామూలు పిల్లలే పక్క తడుపుతారు. మావాడు పగలు డైపర్ మానేసి ఎనిమిది నెలలైంది, రాత్రికి ఇంకా కడుతున్నాం, పరుపు కింద రబ్బరు షీటు ఉంది, నిద్ర లేపి తీసుకెళ్లడం కూడా మానీసాం.