సస్పెన్షన్ తిరగ్గట్టాక కిట్ కారు ముందుభాగం ఎత్తుగా నిలిస్తే: నా అనుభవం

విడిభాగాలు కొని కూర్చుకునే కిట్ కారు ఇది. చక్రాలని ఛాసిస్‌కి (కారు చట్రానికి) కలిపే విష్‌బోన్ చేతుల కీళ్లలో కొత్త రబ్బరు బుష్‌లు వేశాక బండి ముందువైపు ఎత్తుగా, బిర్రుగా నిలిచింది. ఎడమా కుడీ ఎత్తులు కలవలేదు. స్ప్రింగులు, డాంపర్లు (షాక్ అబ్జార్బర్లు), టైర్ల గాలి, వేటితోనూ లాభం లేకపోయింది.

చక్రాలు గాలిలో వేలాడుతుండగా పివట్ బోల్టులు (బుష్‌ల గుండా పోయే కీలు బోల్టులు) బిగించడమే కారణం. బుష్‌లోని రబ్బరు దాని మధ్యనుండే లోహపు గొట్టానికి అతికి ఉంటుంది. బోల్టు బిగిస్తే ఆ గొట్టం ఛాసిస్ మీది బ్రాకెట్‌కి పట్టుకుపోతుంది. బండి నేల మీదికి దిగాక రబ్బరు మెలిపడి అదనపు స్ప్రింగులా నెడుతుంది, తొందరగా చిరుగుతుంది కూడా.

ముందుగా గొట్టం ఆనేచోట బ్రాకెట్ల మీది పౌడర్ కోటింగ్ గీకి పల్చగా ప్రైమర్ వేశాను. ఆ మందపాటి పొర నలిగితే బోల్టు వదులైపోతుంది. తర్వాత పివట్ బోల్టులన్నీ వదులుచేసి, నాలుగు చక్రాల కిందా ఒకే ఎత్తు పొడవాటి పలకలు పెట్టి బండి దించాను. సీటులో 75 కిలోల ఇసుక బస్తాలు వేసి, ఓ అడుగు ముందుకీ వెనక్కీ దొర్లించి, ప్రతి మూలా గట్టిగా నొక్కి వదిలాను. చక్రాలకి అడ్డుదిమ్మలు, ఛాసిస్ కింద తగలకుండా స్టాండ్లు పెట్టాకే కొత్త నైలాక్ నట్లతో (వదులవకుండా లోపల నైలాన్ వలయం ఉండేవి), మాన్యువల్ చెప్పిన టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించాను. ఎత్తులు కలిశాయి. టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మాత్రం మళ్లీ సరిచూడాల్సిందే.

గొట్టం మీద స్వేచ్ఛగా తిరిగే పాలీయురేథేన్ బుష్‌లకి ఇది వర్తించదు. ఇంత చేసినా తేడా మిగిలితే ఛాసిస్ వంకర తిరిగిందేమో, ఐమూలల కొలతలు తీసి చూడండి.