జేబు బిగిసినప్పుడు డీ అండ్ డీ – 4వ పాఠం: మూడు డైస్ కలిపితే డీ20 కాదు

డీ అండ్ డీ అంటే డంజియన్స్ అండ్ డ్రాగన్స్: ఆటగాళ్లు పాత్రలుగా మారి, డైస్ వేసి సాహసాలు చేసే ఆట. ఈ వారం గంట ఖర్చు లెక్క, అంటే ఆడిన ఒక్కో గంటకు మనిషికి ఎంత పడిందో చూడటం, మొదలుపెట్టాలి. దాన్ని పాఠం చివరికి జరిపాను, ఎందుకంటే మూడో పాఠం చాలా బల్లల మీద బెడిసికొట్టింది. "మూడు నెలలు కొత్తగా ఏమీ కొనకండి, ఇంట్లో ఉన్నదానితో ఆడండి" అన్న మాటను ఎక్కువమంది ఒకే రకంగా పాటించారు. లూడో పెట్టెల్లోంచి మూడు డైస్ తీసి, మూడూ వేసి, వచ్చిన మొత్తాన్ని డీ20 (ఇరవై ముఖాల డైస్) కింద లెక్కపెట్టారు. ఆ తర్వాత ఫిర్యాదులు కూడా ఒకేలా ఉన్నాయి: గాబ్లిన్లు (చిన్న రాక్షసులు) ఇట్టే చచ్చిపోతున్నాయి, ఇనుప కవచం ఉన్న శత్రువుకు దెబ్బే తగలడం లేదు, క్రిటికల్ (డీ20 మీద 20 పడితే తగిలే పెద్ద దెబ్బ) ఒక్కసారీ పడలేదు. కొందరు డీఎంలు (ఆట నడిపేవాళ్లు) దీనికి విరుగుడుగా శత్రువుల ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే అందుకోవాల్సిన అంకె) తగ్గించారు. దయచేసి వాటిని మళ్లీ యథాస్థితికి తెండి. లోపం శత్రువులో లేదు, డైస్‌లో ఉంది.

ఇక్కడ అందరినీ మోసం చేసేది సగటు. డీ20 సగటు 10.5, మూడు మామూలు డైస్ మొత్తం సగటు కూడా 10.5. అందుకే రెండూ ఒకటే అనిపిస్తుంది. కానీ డీ20లో 1 నుంచి 20 దాకా ప్రతి అంకెకూ సమానంగా 5 శాతం అవకాశం. మూడు డైస్‌లో 216 రకాల ఫలితాలుంటే 10 రావడానికి 27 దారులు, 11కి 27 దారులు, 18కి ఒక్కటే దారి. 1, 2, 19, 20 అసలు రానే రావు.

ఒకటో లెవెల్ ఫైటర్‌నే (యోధుడి పాత్ర) తీసుకోండి. అటాక్ బోనస్ +5, అంటే డైస్ మీద పడినదానికి 5 కలుస్తుంది. ఆర్మర్ క్లాస్ 15 ఉన్న గాబ్లిన్‌ను కొట్టాలంటే డైస్ మీద 10 పడాలి. డీ20తో 55 శాతం, మూడు డైస్‌తో 62.5 శాతం. తేడా చిన్నదే కాబట్టి మొదటి సెషన్‌లో ఎవరికీ అనుమానం రాదు. శత్రువు ఆర్మర్ క్లాస్ 18 అయితే 13 పడాలి: డీ20తో 40 శాతం, మూడు డైస్‌తో 25.9. వాడి ఆర్మర్ క్లాస్ 20 అయితే 15 పడాలి: డీ20తో 30 శాతం, మూడు డైస్‌తో 9.3. అంటే పది దెబ్బల్లో ఒకటి కూడా ఖాయం కాదు. ఆ పోరు గంటసేపు సాగుతుంది, అందరూ ఫోన్లు తీస్తారు.

బోనస్‌ల విలువ కూడా చెడిపోతుంది. డీ20లో +1 అంటే దాదాపు ఎప్పుడూ 5 శాతమే. మూడు డైస్‌లో 13 కావలసిన చోట 12 చాలు అంటే అవకాశం 11.6 శాతం పెరుగుతుంది. అదే 18 కావలసిన చోట 17 చాలు అంటే 1.4 శాతం మాత్రమే. క్రిటికల్ నియమం సహజంగా పడే 20 మీద ఆధారపడింది, కాబట్టి అది పూర్తిగా మాయమైపోతుంది. గర్ప్స్ అనే మరో ఆట మూడు డైస్‌తోనే నడుస్తుంది కదా అంటారు. నడుస్తుంది, ఎందుకంటే దాని నియమాలన్నీ మొదటి నుంచీ ఆ మూడు డైస్ కోసమే రాశారు. మీకు మూడు డైస్ అంత ఇష్టమైతే ఉచితంగా దొరికే 32 పేజీల గర్ప్స్ లైట్ పీడీఎఫ్‌తో ఆడండి. డీ అండ్ డీ నియమాల్లోకి మాత్రం ఆ డైస్ తేకండి.

సరైన పద్ధతికి ఒక మామూలు డైస్, రెండు నాణేలు చాలు. ఇండియాలో అయిదు రూపాయల నాణెం, పది రూపాయల నాణెం తీసుకోండి. అమెరికాలో ఉన్నవాళ్లు నికెల్, డైమ్ తీసుకోండి, అవి కూడా 5, 10 సెంట్లే. మూడింటినీ కలిపి వేయండి. డైస్ మీద 1 నుంచి 5 దాకా పడితే అదే అంకె, 6 పడితే డైస్ మాత్రం మళ్లీ వేయండి. అయిదు నాణెం బొమ్మ పడితే 5 కలపండి. పది నాణెం బొమ్మ పడితే 10 కలపండి. బొరుసుకు ఏమీ లేదు. డైస్ 4, అయిదు నాణెం బొమ్మ, పది నాణెం బొరుసు అయితే ఫలితం 9. డైస్ 5, రెండూ బొమ్మలే అయితే 20, క్రిటికల్. 1 నుంచి 20 దాకా ప్రతిదీ సరిగ్గా 5 శాతం.

ఇందులో చెడేది ఒక్కచోటే. 6 పడినప్పుడు మళ్లీ వేయడం బద్ధకమై "పోనీ 5 అనుకుందాం" అంటారు. అప్పుడు 5, 10, 15, 20 ఒక్కొక్కటీ 8.3 శాతానికి ఎగబాకుతాయి, మిగతా అంకెలన్నీ 4.2కు పడిపోతాయి. క్రిటికల్స్ ఎక్కువ పడుతున్నాయని ఆటగాళ్లు సంబరపడతారు, శత్రువులకూ అవే ఎక్కువ పడతాయి.

మిగతా డైస్‌కూ ఇదే దారి. డీ4 కావాలంటే 5, 6 పడినప్పుడు మళ్లీ వేయండి. డీ8కి అలా తీసిన డీ4, బొమ్మ పడితే 4 కలపండి. డీ10కి పైన చెప్పిన డీ20లోంచి పది నాణెం తీసేయండి. డీ12కి మామూలు డైస్, బొమ్మ పడితే 6. రెండు డైస్ కలిపి డీ12 అనుకోకండి, 1 ఎప్పటికీ రాదు.

అష్టాచెమ్మా గవ్వలు, అరగదీసిన చింతపిక్కలు వాడొచ్చా అని అడిగారు. వద్దు. వెల్లకిలా, బోర్లా సమానంగా పడవు. నాలుగు గవ్వలు వేస్తే మధ్య సంఖ్యలే ఎక్కువ వస్తాయి, మళ్లీ మూడు డైస్ జబ్బే. పేకముక్కలు పనికొస్తాయి: జాకీ, రాణి, రాజు తీసేస్తే 40 ముక్కలు మిగులుతాయి. ఎర్రవి 1 నుంచి 10, నల్లవాటికి 10 కలపండి. తీసిన ముక్కను ప్రతిసారీ పేకలో పెట్టి కలపాలి, లేకపోతే ఏం మిగిలాయో ఆటగాళ్లు గుర్తుపెట్టుకుంటారు. 1979లో డైస్ కొరత వచ్చినప్పుడు అప్పటి డీ అండ్ డీ ప్రచురణకర్త టీఎస్ఆర్ స్వయంగా బేసిక్ సెట్ పెట్టెలో డైస్‌కు బదులు అంకెలున్న అట్ట బిళ్లలు ఇచ్చింది. కత్తిరించి, కప్పులో వేసి, ఒకటి తీసి చూడాలి. దానికీ ఇదే నియమం: చూశాక కప్పులో వేయాలి. ఫోన్ యాప్ లెక్క ప్రకారం నిఖార్సయినదే. అయినా ఒకే ఫోన్ బల్ల మధ్యలో పెట్టి అందరూ దానిమీదే వేయాలని నా పట్టు. ఎవరి ఫోన్ వాళ్లు తీస్తే రెండో రౌండ్‌కల్లా సగం బల్ల వాట్సాప్‌లో ఉంటుంది.

"ఒక డైస్ సెట్ కొనుక్కుంటే పోలేదా?" కొనుక్కోండి, స్థోమత ఉంటే. కానీ ధరలు పెరిగితే ముందు దెబ్బ తగిలేది ఇలాంటి సామగ్రికే. 2025 ఏప్రిల్‌లో అమెరికా చైనా దిగుమతులపై సుంకాన్ని 145 శాతానికి పెంచి, మేలో 30కి దించింది. అచ్చు పుస్తకాలకు మినహాయింపు ఇచ్చింది. డైస్‌కు, బొమ్మలకు, ఆట పెట్టెలకు ఇవ్వలేదు. అంటే అక్కడి షాపులో పుస్తకం కన్నా దాని పక్కనున్న వస్తువులే ముందు ప్రియమవుతాయి.

ఇక ఆట సంగతి. డీ అండ్ డీ పుట్టిందే మాంద్యంలో. అమెరికా ఆర్థిక వ్యవస్థ 1973 నవంబర్ నుంచి 1975 మార్చి దాకా కుంగింది. మూడు చిన్న పుస్తకాల పెట్టె 1974లో పది డాలర్లకు వచ్చింది. అది చాలామందికి ఎక్కువ ధరే, అందుకే జెరాక్స్ కాపీలు చేతులు మారాయి, ఆట పాకింది. 2009లో మరో రకంగా జరిగింది. సంక్షోభం మధ్యలో, ఏప్రిల్‌లో, అప్పటికి డీ అండ్ డీ ప్రచురిస్తున్న విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ తన పీడీఎఫ్‌లన్నీ అమ్మకం నుంచి తీసేసింది. ఆగస్టులో పైజో అనే కంపెనీ పోటీగా పాత్‌ఫైండర్ ఆట తెచ్చింది: 576 పేజీల అచ్చు పుస్తకం 49.99 డాలర్లు, పీడీఎఫ్ 9.99. నియమాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు కూడా. పాత్‌ఫైండర్ విజయంలో ఆ చవక దారి పాత్ర చాలా ఉందని నేను నమ్ముతాను. కంపెనీలు మాత్రం కుదేలవుతూనే ఉంటాయి. 2023 డిసెంబర్‌లో విజర్డ్స్ యజమాని హాస్‌బ్రో 1,100 ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించింది. అదే ఏడాది జనవరిలో డీ అండ్ డీ మూల నియమాలు ఎస్ఆర్‌డీ 5.1 అనే పత్రంగా క్రియేటివ్ కామన్స్ (ఎవరైనా వాడుకోగల లైసెన్స్) కింద ఉచితమయ్యాయి. ఇక వాటిని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. అది 400 పేజీలకు పైనే ఉంటుంది, మొత్తం ప్రింట్ తీయకండి. మీ క్లాసు (పాత్ర రకం), ఆయుధాల పట్టిక, పోరాట నియమాలు, వాడే మంత్రాలు తీస్తే పాతిక పేజీల్లో తేలిపోతుంది.

ఇప్పుడు గంట ఖర్చు. 49.99 డాలర్ల పుస్తకం, డీఎంతో కలిపి అయిదుగురు, నాలుగు గంటల సెషన్: అంటే 20 మనిషి-గంటలు. పది సెషన్లు ఆడితే గంటకు 25 సెంట్లు. పది అనుకుని మూడే ఆడితే 83. ఆడిన గంటలే లెక్కలోకి రావాలి, ఆడదామనుకున్నవి కాదు. తిండి ఖర్చు కూడా చూడండి: తలా 250 రూపాయల బిర్యానీ తెప్పిస్తే నాలుగు గంటలకు గంటకు 62.50 రూపాయలు, ప్రతి సెషన్‌కూ అంతే. పుస్తకం ఖర్చు ఆడినకొద్దీ తరుగుతుంది, ఇది తరగదు. మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా పెట్టుకుని భోంచేసి రండి. ఇంకా ముఖ్యమైనది రద్దు. షిఫ్టులు మారి, రెండో పని పట్టి, జనం రాలేకపోతారు. అయిదుగురిలో ముగ్గురుంటే ఆట జరగాలని ముందే ఒప్పుకోండి. ప్రతి సెషన్ ఊళ్లో మొదలై ఊళ్లోనే ముగిసేలా చూస్తే, రానివాళ్ల పాత్ర ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు.

అభ్యాసం: డైస్, రెండు నాణేలతో వందసార్లు వేసి 1 నుంచి 20 దాకా గీతలు పెట్టండి. ఒక్కో అంకెకు అయిదు దగ్గర రావాలి, ఒకటి నుంచి పది దాకా ఉంటే కంగారు పడకండి. తర్వాత నాలుగు సెషన్లు ఆడి, వచ్చినవాళ్లు, ఆడిన గంటలు, ప్రయాణం, తిండి రాసుకోండి. నాలుగో సెషన్ అయ్యేదాకా అయిదో పాఠం తెరవకండి.