తూటా పట్టింది కదా అని కాల్చకండి

పోయిన నెల డాలస్ దగ్గర ఒక షూటింగ్ రేంజ్‌లో, నా పక్క లేన్‌లో కాలుస్తున్న తెలుగు కుర్రాడికి కనుబొమ మీద నాలుగు కుట్లు పడ్డాయి. చేతిలో ఉన్నది గన్ షోలో కొన్న పాత జర్మన్ పిస్టల్, మౌజర్ సి96. ఆరు తూటాలు బాగానే పేలాయి. ఏడోదానికి లోపల బోల్ట్ స్టాప్ (తూటా వెనక జరిగే ఇనుప కడ్డీ అయిన బోల్ట్‌ని ఆపే ముక్క) విరిగి, బోల్ట్ వెనక్కి దూసుకొచ్చి కళ్ళద్దాలకు తగిలింది. ఆ అద్దాలే లేకపోతే కన్ను పోయేది.

తొలితరం సైనిక పిస్టళ్ళు సేకరించే మనవాళ్ళు ఈమధ్య పెరిగారు, గన్ షోలు మళ్ళీ మొదలవుతున్నాయి. అందుకే రాస్తున్నాను. ట్రిగ్గర్ మీద వేలు పెట్టొద్దు, మనిషి వైపు గొట్టం తిప్పొద్దు లాంటివి మీకు తెలిసినవే.

తూటా సంగతి

ఆ కుర్రాడు వాడింది టోకరేవ్ తూటా, 7.62×25. మౌజర్‌ది 7.63×25. రెండూ పక్కపక్కన పెడితే తేడా కంటికి ఆనదు, చాంబర్‌లో (గొట్టం వెనక తూటా కూర్చునే చోట) చక్కగా కూర్చుంటుంది. కానీ టోకరేవ్‌లో ఒత్తిడి ఎక్కువ. నూరేళ్ళ నాటి ఇనుము ఆ దెబ్బలకు ఓర్చుకోదు.

ఇటలీవాళ్ళ గ్లిసెంటి 1910లోనూ ఇదే కథ. 9 ఎంఎం పారాబెల్లం తూటా అందులో పడుతుంది, కానీ ఆ పిస్టల్‌ని చేసింది అదే కొలతలో ఉన్న బలహీనమైన తూటాకి. కోల్ట్ 1900, 1902 మోడళ్ళు .38 ఏసీపీ తూటాకి చేసినవి. 1929లో వచ్చిన .38 సూపర్ కూడా వాటిలో పడుతుంది, కానీ దాని ఒత్తిడి ఎక్కువ. 1902 మోడల్‌లో స్లయిడ్‌ని (పేలినప్పుడు వెనక్కి జరిగే పైభాగాన్ని) ఆపేది ముందున్న చిన్న అడ్డచీల ఒక్కటే. అది విరిగితే స్లయిడ్ వచ్చేది మీ ముఖం మీదికే. పట్టడం వేరు, సరిపడడం వేరు.

గుర్తుల సంగతి

1916లో జర్మన్ సైన్యం 9 ఎంఎం పారాబెల్లం తూటాకి సరిపడే సి96లు లక్షన్నర ఆర్డర్ చేసింది. సైనికులు తూటాలు తారుమారు చేయకుండా పిడి చెక్క మీద 9 అంకె చెక్కి ఎర్రరంగు వేశారు. ఇప్పుడు ఆ ఎర్ర 9 చూసి నమ్మకండి. పిడి చెక్కలు ఒక్క స్క్రూతో ఊడొస్తాయి, ఒకదానివి ఇంకోదానికి బిగించి అమ్ముతారు. గొట్టం మార్చినవీ ఉన్నాయి. అమ్మినవాడి మాట, పిడి మీది అంకె, పెట్టె మీది చీటీ, ఏదీ సాక్ష్యం కాదు. తుపాకుల మెకానిక్ చేత చాంబర్‌కి అచ్చు తీయించి కొలిపించండి. అంతవరకు ఒక్క తూటా కూడా పెట్టొద్దు.

ఇక మిగతావి:

- సి96కి ఊడే మేగజిన్ ఉండదు. బోల్ట్ లాగుతూ ఒక్కొక్కటీ బయటికి తీయాలి. తర్వాత చాంబర్‌లో వేలు పెట్టి చూడాలి.
- మరో జర్మన్ పిస్టల్ లూగర్ పై భాగాన ఎక్స్‌ట్రాక్టర్ (తూటాని బయటికి లాగే కొక్కెం) లేచి, పక్కన "గెలాడెన్" (జర్మన్‌లో "నింపి ఉంది") అన్న అక్షరాలు కనబడితే లోపల తూటా ఉన్నట్టే. కనబడకపోయినా తెరిచి చూడండి.
- తూటా ఉండగా లూగర్ సైడ్ ప్లేట్ తీయొద్దు. ట్రిగ్గర్ ముట్టకపోయినా లోపలి సియర్ (పేల్చే సూదిని పట్టి ఉంచే మీట) నొక్కితే పేలుతుంది.
- స్ప్రింగులు కొత్తవి వేయండి. పాతవి పారేయకుండా దాచండి.
- తుప్పు పట్టించే పాత ప్రైమర్ల (తూటా అడుగున నిప్పు రాజేసే మందు) తూటాలు కాల్చాక ముందు వేడినీళ్ళు, తర్వాత నూనె. ఆ ప్రైమర్లు గొట్టంలో వదిలే ఉప్పు నూనెకి కరగదు.
- తోలు సంచిలో దాచొద్దు.
- పాలిష్ వద్దు. ఇనుము మీద మళ్ళీ నీలిరంగు పూత ఎక్కించడం అసలే వద్దు.
- చెక్క స్టాక్ తగిలించే ముందు 1934 నాటి అమెరికా ఫెడరల్ తుపాకుల చట్టం (నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్) నుంచి మీ పిస్టల్‌కి మినహాయింపు ఉందో లేదో చూసుకోండి.
- తూటా పట్టింది కదా అని కాల్చొద్దు. చెప్పిందే చెబుతున్నాను.
- రేంజ్‌కి తీసుకెళ్ళే బ్యాగు ఇండియా ప్రయాణానికి వాడొద్దు. మూల మడతలో మరిచిపోయిన ఒక్క తూటా చాలు, శంషాబాద్‌లో ఆయుధాల చట్టం కింద కేసు.