పుస్తకం తెరవాలంటేనే టెన్షన్: ప్రిపరేషన్ వాయిదా పడుతుంటే ఏం చేయాలి?

అశోక్‌నగర్ గదుల్లోనో, చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలోనో, ఊళ్లో ఇంటి దగ్గరో గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదివేవాళ్లలో చాలామంది తమను తాము బద్ధకస్తులని తిట్టుకుంటారు. నేను ఒప్పుకోను. బద్ధకస్తుడికి చదవలేదన్న బాధ ఉండదు, మీకు ఉంది. పుస్తకం చూడగానే పుట్టే టెన్షన్ నుంచి తప్పించుకోవడానికే చదువు రేపటికి పోతోంది. ఈ విషయం మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన కెనడా మనస్తత్వవేత్త తిమోతీ పిచిల్ కూడా వాయిదాను టైంకి సంబంధించిన లోపంగా కాక, భావోద్వేగాల సమస్యగానే చూస్తారు. ముందు తగ్గించాల్సింది టెన్షన్. ఇంకో కొత్త టైం టేబుల్ వల్ల అది తగ్గదు.

సమస్య: కూర్చోగానే చెయ్యి ఫోన్ మీదికి పోతుంది

కారణం: "ఇవాళ పాలిటీ పూర్తి చేయాలి" అనుకుని కూర్చున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మనసు బెదిరింది. ఫోన్ తీయగానే ఆ బెదురు కాస్త తగ్గింది. తగ్గింది కాబట్టే రేపు కూడా చెయ్యి అటే పోతుంది.

పరిష్కారం: పనిని చిన్నది చేయండి. "రాజ్యాంగంలో 14 నుంచి 18వ అధికరణ వరకు చదివి, చూడకుండా ఐదు ప్రశ్నలకు జవాబులు రాసుకుంటాను" అంటే మనసు భయపడదు. దాన్ని రోజూ ఎలాగూ చేసే పనికి ముడిపెట్టండి: "టిఫిన్ ప్లేటు కడగగానే టేబుల్ దగ్గర కూర్చుని 14వ అధికరణ తెరుస్తాను." ఇలా "ఇది జరగగానే ఇది చేస్తాను" అని ముందే అనుకుంటే పని జరిగే అవకాశం పెరుగుతుందని మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ పరిశోధనలు చూపించాయి. ఫోన్‌ని వేరే గదిలో పెట్టండి, హాస్టల్లో ఉంటే రూమ్మేట్‌కి ఇవ్వండి. మొదటి పది నిమిషాలు గుండెలో గుబులుగానే ఉండొచ్చు. అది పోయాక చదువుదామని ఆగకండి, అది ఉండగానే చదవండి. చాలాసార్లు చదువుతుంటేనే తగ్గుతుంది.

సమస్య: పడుకోగానే "ఈసారీ ఉద్యోగం రాకపోతే?"

కారణం: పగలు ఫోన్‌తో, కబుర్లతో కప్పేసిన భయం రాత్రి ఖాళీ దొరకగానే పైకొస్తుంది. ఆలోచించకూడదని బలవంతం చేస్తే ఇంకా పెరుగుతుంది. 1987లో మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ చేసిన ప్రయోగంలో తెల్ల ఎలుగుబంటి గురించి అనుకోవద్దని చెబితే, మనుషులకు అదే పదేపదే గుర్తొచ్చింది.

పరిష్కారం: దిగులుకి ఒక టైం ఇవ్వండి. సాయంత్రం ఆరింటికి ఇరవై నిమిషాలు కూర్చుని మనసులో ఉన్నదంతా కాగితం మీద పెట్టండి. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుంది, కోర్టు కేసు ఏమవుతుంది, పెదనాన్న ఏమంటాడు - ఇవి మీ చేతుల్లో లేనివి, ఒక పక్కన రాయండి. "జాగ్రఫీ రావడం లేదు" అన్నది చేతిలో ఉన్నదే, దాని ఎదురుగా రేపు చదివే ఒక్క టాపిక్ రాయండి. రాత్రి మళ్లీ ఆలోచన వస్తే తోసేయకుండా "రేపు ఆరింటికి చూద్దాం" అనుకోండి. మొదట్లో మాట వినదు. అయినా కొన్నాళ్లు మానకండి. సాయంత్రం తర్వాత టీ, కాఫీ మాత్రం వద్దు.

సమస్య: సిలబస్ అయ్యాకే మాక్ టెస్ట్

కారణం: మార్కులు తక్కువొస్తే "నేను పనికిరాను" అని తేలిపోతుందన్న భయం. సిలబస్ ఒక సాకు.

పరిష్కారం: చదివినంతలోనే ముప్పై ప్రశ్నలకు జవాబులు రాయండి. మార్కులు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. తప్పు పక్కన కారణం రాయండి: తెలియక, మరిచిపోయి, తొందరలో.

పీడీఎఫ్‌లు పోగేయడం కూడా ఇలాంటి తప్పించుకోవడమే. సబ్జెక్టుకి ఒక పుస్తకం చాలు.

సమస్య: ఒక రోజు పోతే వారమంతా పోతుంది

కారణం: తిట్టుకోవడం. దాంతో పుస్తకం ఇంకా బరువవుతుంది.

పరిష్కారం: నిన్నటి బాకీని ఇవాళ్టి మీద వేయకండి, ఇవాళ్టిది ఇవాళే చదవండి. 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో, మొదటి పరీక్షకు చదువు వాయిదా వేసి, తమను తాము క్షమించుకున్న విద్యార్థులు తర్వాతి పరీక్షకు తక్కువ వాయిదా వేశారు.

ఇవేవీ సాయపడకపోతే

రెండు వారాలుగా నిద్ర, ఆకలి లేకపోయినా, ఊరికే ఏడుపొస్తున్నా, చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఒంటరిగా ఉండకండి. ఇంట్లో ఒకరికి చెప్పి, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వ సేవ, ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఏం చెప్పాలో తెలియకపోతే "చదవలేకపోతున్నాను, నిద్ర పట్టడం లేదు" అనండి, మిగతాది వాళ్లే అడుగుతారు.