సొంత కార్డుతో కొన్న క్లౌడ్ లైసెన్సులు: అడ్మిన్లు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఈమధ్య హైదరాబాద్‌లోని ఒక చిన్న సంస్థలో ఏడాది లెక్కలు ముగిస్తుండగా, రాజీనామా చేసి వెళ్లిన ఉద్యోగి సొంత కార్డుతో కొన్న పవర్ బీఐ (డేటాతో రిపోర్టులు తయారుచేసే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) లైసెన్సులు ఇంకా నడుస్తున్నట్టు బయటపడింది. ఉద్యోగులు ఇలా చేసే సొంత కొనుగోళ్లను ఎప్పుడో ఆపేశామని, సంస్థ ఐటీ ఖాతాలు చూసే అడ్మిన్ చెప్పారు. అది నిజమే, కానీ ఆయన ఆపింది ఆ తరువాత జరగబోయే కొనుగోళ్లను మాత్రమే.

మైక్రోసాఫ్ట్ 365లో ఉద్యోగి ఐటీ విభాగాన్ని అడగకుండా, ఆఫీసు ఖాతాతోనే లైసెన్సు కొనుక్కునే వీలు 2020 జనవరిలో పవర్ బీఐ, పవర్ యాప్స్, పవర్ ఆటోమేట్‌లతో మొదలైంది. అనుమతి ఉత్పత్తివారీగా ఉంటుంది కాబట్టి ఒక్కొక్కదాన్నీ విడిగా ఆపాలి. ఇలా కొనుక్కోగల వాటి జాబితాలో కొత్తగా చేరే ఉత్పత్తికి కొనుగోలు అనుమతి ముందే ఇచ్చి ఉంటుంది. నష్టపోయిన సంస్థలన్నిటిలోనూ నాకు కనిపించిన పొరపాటు ఒక్కటే: ఒకసారి ఆపేసి, మళ్లీ ఆ అనుమతుల పేజీ తెరవకపోవడం.

మన దేశంలో ఈ ఖర్చు మరింత సులువుగా కంటికి కనబడకుండా పోతుంది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం మొదటిసారి అనుమతి ఇచ్చాక, 15,000 రూపాయల లోపు నెలవారీ చెల్లింపులకు ఓటీపీ అడగరు. డబ్బు కోతకు 24 గంటల ముందు వచ్చే సందేశం కూడా కార్డుదారుకే వెళ్తుంది తప్ప అకౌంట్స్ విభాగానికి రాదు. ఇన్వాయిస్ మీద సంస్థ జీఎస్టీ నంబరు లేకపోతే, ఉద్యోగికి ఆ సొమ్ము తిరిగి ఇచ్చినా ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలుపై కట్టిన జీఎస్టీని సంస్థ చెల్లించాల్సిన పన్నులో తగ్గించుకునే వీలు) దక్కదు.

ముందుగా మైక్రోసాఫ్ట్ 365 అడ్మిన్ సెంటర్‌లోని బిల్లింగ్ పేజీలో ఇప్పటికే ఉన్న సొంత కొనుగోళ్లను వెతకండి. ఎవరు కొన్నారో, ఎంతకు కొన్నారో, ఎవరెవరికి కేటాయించారో అక్కడ కనిపిస్తుంది. రద్దు చేసే ముందు, ఆ లైసెన్సు మీద ఆధారపడినవారికి సంస్థ లైసెన్సు ఇవ్వండి. లేకపోతే పనివేళలో వారి రిపోర్టులు ఆగిపోతాయి. కొన్న ఉద్యోగిని దొంగలా నిలదీయకండి, తనకు ఏ అవసరం తీరలేదో అడగండి. ఉచిత ట్రయల్‌కు ఉద్యోగులను కార్డు వివరాలు ఇవ్వనివ్వకండి. రాజీనామా పత్రం అందిన రోజే ఆ పేరు మీద ఉన్న లైసెన్సులు చూడండి. అనుమతుల పేజీని నెలకోసారి తెరవండి. ఆపినంత మాత్రాన పాత కొనుగోలు రద్దు కాదు. కొత్త ఉత్పత్తి కనిపిస్తే అదే రోజు ఆపండి. ఆపాక బిల్లింగ్ పేజీ మరోసారి చూడండి.